జహీరాబాద్ ఎర్ర చెలకలలో వేరు శిలీంధ్రాల వైవిధ్యం: పరిశీలనా విధానం, సాగు పద్ధతులతో సంబంధం

సారాంశం

జహీరాబాద్ ప్రాంతపు ఎర్ర చెలకలలో భాస్వరం నేలలో ఉండి కూడా పంటకు అందదు. ఈ లోటును పూడ్చడంలో వేరు శిలీంధ్రాల పాత్ర, వాటి వైవిధ్యాన్ని అర్థం చేసుకొనుటకు తీర ఇసుక దిబ్బలపై జరిగిన అధ్యయనాల ఉపయోగం, కంది ఆధారిత మిశ్రమ పంటలతో వాటికి గల సంబంధం ఈ వ్యాసంలో వివరించబడినవి. నమూనాల సేకరణ, సిద్ధబీజాల లెక్కింపు, జీవన ఎరువును సిఫారసు చేయుటకు ముందు జరుపవలసిన కుండీ పరీక్ష విస్తరణ శాస్త్రవేత్తల, విద్యార్థుల ఉపయోగార్థం చేర్చబడినవి.

ఉన్న భాస్వరం, అందని భాస్వరం

సంగారెడ్డి జిల్లాలోని మొగుడంపల్లి మండలం జహీరాబాద్ పట్టణానికి సమీపంలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉంది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణ సమయంలో ఇది ప్రత్యేక మండలంగా ఏర్పడింది. ఈ ప్రాంతమంతా దక్కను అగ్నిశిలల మీద ఏర్పడిన పీఠభూమి. ఎత్తైన భాగాలలో ఆ శిలలు యుగాల తరబడి శిథిలమై లాటరైటుగా మారాయి; పల్లపు భాగాలలో నల్లరేగడి ఏర్పడింది. పొరుగున ఉన్న బీదర్ కోట గోడలలో కనిపించే ఎర్రని, రంధ్రాలతో కూడిన రాయి ఈ లాటరైటే. ఒకే గ్రామంలో, ఒక్కొక్కసారి ఒకే రైతు కమతంలో, ఎర్ర చెలక, నల్లరేగడి రెండూ ఉండుట ఇక్కడ సామాన్యం.

లాటరైటు నేలలలో ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు అధికం. ఇవి భాస్వరాన్ని గట్టిగా పట్టి ఉంచుతాయి. రైతు వేసిన సూపర్ ఫాస్ఫేటులో గాని, డిఎపిలో గాని ఉన్న కరిగే భాస్వరంలో పెద్ద భాగం కొద్దికాలంలోనే ఈ ఆక్సైడ్లతో కలిసి కరగని రూపానికి మారిపోతుంది. నల్లరేగడిలో ఇదే పని సున్నం చేస్తుంది. అందువలన మొత్తం భాస్వరం, లభ్య భాస్వరం అనే రెండు అంకెలను విద్యార్థులు వేర్వేరుగా చూడాలి. ఆమ్ల స్వభావం గల ఎర్ర నేలకు బ్రే విధానం, తటస్థ, క్షార స్వభావం గల నల్ల నేలకు ఓల్సెన్ విధానం తగినవి. రెండు నేలలు కలిసి ఉన్న ఇటువంటి ప్రాంతంలో అన్ని నమూనాలను ఒకే విధానంతో పరీక్షించి పోల్చుట వలన తప్పు నిర్ణయాలకు అవకాశం ఉంది.

నేలలో భాస్వరం కదలిక చాలా స్వల్పం. నైట్రేటు వలె నీటితో పాటు వేరు వద్దకు అది ప్రవహించి రాదు. వేరు తన చుట్టూ ఉన్న ఒకటి, రెండు మిల్లీమీటర్ల మేర భాస్వరాన్ని పీల్చుకున్న తరువాత ఆ వలయం ఖాళీ అవుతుంది. అవతలి భాస్వరం అవతలే ఉండిపోతుంది. ఈ ఖాళీ వలయాన్ని దాటి పోవుటకు మొక్కకు రెండు మార్గాలున్నాయి. కొత్త వేర్లు పెంచుట ఒకటి. అది ఖర్చుతో కూడిన పని. వేరు కంటె ఎన్నో రెట్లు సన్నని తంతువులు గల శిలీంధ్రానికి ఆ పని అప్పగించుట రెండవది. నేలపై మొక్కలు అవతరించిన తొలి దశ నుండి ఈ రెండవ మార్గమే ఎక్కువ మొక్కలు అనుసరించాయి. స్కాట్లండ్‌లోని రైనీ శిలలలో దొరికిన, 40 కోట్ల సంవత్సరాలకు పైబడిన మొక్కల శిలాజాలలో ఈ శిలీంధ్ర నిర్మాణాలు స్పష్టంగా కనిపించాయి. నేటి వేర్ల వంటివి ఆ మొక్కలకు ఇంకా ఏర్పడలేదు. శిలీంధ్రం మాత్రం అప్పటికే ఉంది.

ఈ సహజీవనానికి 1885లో జర్మను శాస్త్రవేత్త ఫ్రాంక్ 'మైకోరైజా' అని పేరు పెట్టాడు. పంట మొక్కలలో ప్రధానమైనది అర్బస్క్యులర్ మైకోరైజా. విస్తరణ సాహిత్యంలో 'వామ్' అని వాడుకలో ఉన్నది ఇదే. శిలీంధ్రం వేరు కణాలలో చిన్న చెట్టు ఆకారంలో అనేక శాఖలుగా చీలి అర్బస్క్యూల్ అనే నిర్మాణాన్ని ఏర్పరుస్తుంది. మొక్క ఇచ్చే పిండిపదార్థాలకు, శిలీంధ్రం తెచ్చే భాస్వరానికి మార్పిడి జరిగేది ఇక్కడనే. కొన్ని ప్రజాతులు వేరులో వెసికిల్ అనే బుడగ ఆకారపు నిల్వ భాగాలను కూడా ఏర్పరుస్తాయి. అన్నీ ఏర్పరచవు. అందుకే పాత 'వామ్' అనే పేరును శాస్త్ర సాహిత్యం వదలుకుంది. మొక్క తయారు చేసుకున్న ఆహారంలో 4 నుండి 20 శాతం వరకు శిలీంధ్రానికి చేరుతుంది. ఇది తక్కువ మూల్యం కాదు. భాస్వరం సులభంగా దొరికే నేలలో మొక్క ఈ మూల్యం చెల్లించుటకు ఇష్టపడదు. వేర్లలో శిలీంధ్ర వ్యాప్తి తగ్గిపోతుంది.

ఇసుక దిబ్బలు నేర్పినది

ఈ శిలీంధ్రాల వైవిధ్యంపై భారతదేశంలో జరిగిన అధ్యయనాలలో తీర ఇసుక దిబ్బలకు ప్రత్యేక స్థానం ఉంది. పశ్చిమ తీరంలో మంగళూరు, గోవా విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 1990ల నుండి దిబ్బల మొక్కల వేరు మండలాలను వరుసగా పరిశీలించారు. సముద్రానికి దూరంగా ఉన్న జహీరాబాద్ చెలకకు ఆ అధ్యయనాలతో పని ఏమిటనే సందేహం సహజం. పోలిక భాస్వరం విషయంలో ఉంది. దిబ్బ ఇసుకలో భాస్వరం, సేంద్రియ పదార్థం అసలే తక్కువ. లాటరైటు చెలకలో భాస్వరం ఉన్నా బంధింపబడి ఉంటుంది. మొక్క దృష్టిలో రెండూ ఒకటే. రెండింటిలోను తేమ త్వరగా ఆరిపోతుంది. రెండింటిలోను శిలీంధ్రం లేని మొక్క నిలదొక్కుకొనుట కష్టం.

దిబ్బల అధ్యయనాల వలన తేలిన ముఖ్య విషయం ఏ జాతులున్నవనేది మాత్రమే కాదు. జాతులు ఒక క్రమంలో ఉండుట అంతకంటె ముఖ్యమైనది. ప్రపంచంలోని అనేక తీరాలలో దిబ్బలపై గైగాస్పోరేసీ కుటుంబానికి చెందిన శిలీంధ్రాలు, అనగా గైగాస్పోరా, స్కుటెల్లోస్పోరా ప్రజాతులు, ప్రముఖంగా కనిపిస్తాయి. వీటి సిద్ధబీజాలు పెద్దవి. కొన్నింటిని చేతి భూతద్దంతోనే చూడవచ్చు. వేరు లోపల కంటె వెలుపల ఇసుకలో వీటి తంతువులు విస్తారంగా అల్లుకుంటాయి. ఇసుక రేణువులను కలిపి ఉంచుటలో ఆ తంతువుల పాత్ర గణనీయం. అయితే గాలికి కదిలే దిబ్బ ముందుభాగంలో కంటె స్థిరపడిన దిబ్బపై, మొక్కల పొర దట్టంగా ఉన్నచోట, జాతుల సంఖ్య, సిద్ధబీజాల సంఖ్య సాధారణంగా ఎక్కువ. కదలిక, అలజడి శిలీంధ్రాల కూర్పును మార్చివేస్తాయి.

చెలకలో గాలికి బదులు నాగలి ఉంది.

దున్నిన నేలలో ఏమి జరుగుతుందో ఇంగ్లాండులో 1998లో వెలువడిన హెల్గాసన్, ఆమె సహచరుల అధ్యయనం చూపింది. అడవి మొక్కల వేర్లలో అనేక రకాల శిలీంధ్రాలు కనిపించగా, పక్కనే ఉన్న సాగుభూములలోని వేర్లలో గ్లోమస్ మాసియే అనే ఒక్క జాతి ఆధిపత్యం వహించింది. నేడు ఈ జాతిని ఫన్నెలిఫార్మిస్ ప్రజాతిలో చేర్చారు. మధ్య ఐరోపాలో తరువాత జరిగిన పరిశీలనలలో తక్కువ ఎరువులతో, పంటల మార్పిడితో సాగైన భూములలో వైవిధ్యం ఎక్కువగాను, ఏటేటా ఒకే పంట తీవ్రంగా సాగైన భూములలో తక్కువగాను కనిపించింది.

వైవిధ్యం అనగా పనుల వైవిధ్యం

జాతుల జాబితా తయారు చేయుటతో పని ముగిసిందని భావించుట మన విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలో తరచుగా కనిపించే లోపం. జాబితా అవసరమే. కాని ఒక్కొక్క కుటుంబం చేసే పని వేరు. అది బ్రతికే తీరు వేరు.

గ్లోమరేసీ కుటుంబపు శిలీంధ్రాలు వేరును త్వరగా ఆక్రమిస్తాయి. సిద్ధబీజం నుండే గాక తెగిన తంతువు ముక్క నుండి, పాత వేరు ముక్క నుండి కూడా మళ్ళీ పెరుగుతాయి. కనుక దుక్కికి తట్టుకుంటాయి. వీటి శరీరంలో ఎక్కువ భాగం వేరు లోపల ఉంటుంది. గైగాస్పోరేసీ శిలీంధ్రాలు దీనికి భిన్నం. ఇవి నెమ్మదిగా పెరుగుతాయి, ప్రధానంగా సిద్ధబీజం నుండే తిరిగి మొలుస్తాయి, నేలలో దూరం వరకు వ్యాపిస్తాయి. తరచు దున్నే చేనులో ఇవి ముందుగా కనుమరుగవుతాయి. అకాలోస్పోరా ప్రజాతి ఆమ్ల నేలలను ఓర్చుకుంటుంది. లాటరైటు చెలకలలో దీని కోసం ప్రత్యేకంగా చూడాలి. వాన్ డెర్ హైడెన్, ఆయన సహచరులు 1998లో ప్రకటించిన ప్రయోగాలలో శిలీంధ్ర జాతుల సంఖ్య పెరిగిన కొద్దీ మొక్కల వైవిధ్యం, మొత్తం జీవద్రవ్యం, నేల నుండి గ్రహించిన భాస్వరం పెరిగాయి. ఒక శిలీంధ్రం వేరు దగ్గర, మరొకటి దూరంగా, ఒకటి వర్షాల ఆరంభంలో, మరొకటి పంట చివర పని చేయుట దీనికి ఒక కారణంగా భావించవచ్చు.

అందుచేత జహీరాబాద్ వంటి చోట పరిశోధకుడు అడుగవలసిన ప్రశ్న 'ఎన్ని జాతులు?' అనేది మాత్రమే కాదు. నెమ్మదిగా పెరిగే, దూరం పోయే శిలీంధ్రాలు ఇంకా మిగిలి ఉన్నాయా, మిగిలి ఉంటే ఏ సాగు పద్ధతిలో, చేను మధ్యలోనా లేక గట్ల మీదనేనా అనేవి అంతకంటె పనికివచ్చే ప్రశ్నలు.

కంది చేసే రెండు పనులు

ఇదే జాతీయ రహదారి మీద, హైదరాబాద్ వైపున పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. ఆ క్షేత్రంలో ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. అక్కడ జరిగిన రెండు పరిశోధనలు ఈ విషయానికి నేరుగా సంబంధించినవి.

మొదటిది సజ్జపై కృష్ణ, శెట్టి, డార్ట్, ఆండ్రూస్ 1985లో ప్రకటించినది. వేర్లలో శిలీంధ్ర వ్యాప్తి, శిలీంధ్రం చేర్చినప్పుడు వచ్చే స్పందన సజ్జ రకాన్ని బట్టి మారుతాయని వారు చూపారు. అంటే ఇది నేల లక్షణం మాత్రమే కాదు, విత్తన లక్షణం కూడా. అధిక ఎరువుల మోతాదు క్రింద ఎంపిక చేసిన రకాలనే పెంచుతూ పోతే, శిలీంధ్రంతో చక్కగా కలిసే గుణం గమనించకుండానే జారిపోయే ప్రమాదం ఉంది. స్థానిక రకాల సేకరణలో ఈ గుణాన్ని కొలుచుట ఇప్పటికీ అరుదు.

రెండవది కందిపై జపాన్ శాస్త్రవేత్త నోరిహారు ఏ, ఆయన సహచరులు 1990లో 'సైన్స్' పత్రికలో ప్రకటించినది. ఇనుముతో బంధింపబడిన భాస్వరం ప్రధానంగా ఉన్న ఎర్ర నేలలో, భాస్వరం ఎరువు వేయనప్పుడు, జొన్న, సోయా వంటి పంటల కంటె కంది భాస్వరాన్ని మెరుగుగా గ్రహించింది. కంది వేర్లు విడుదల చేసే పిసిడిక్ ఆమ్లం, దాని సంబంధిత పదార్థాలు ఇనుమును పట్టుకొని భాస్వరాన్ని విడిపించుట ఇందుకు కారణమని వారు నిర్ధారించారు. కందిని పంటల సరళిలో చేర్చుట వలన నేలలో తిరిగే భాస్వరం పెరుగుతుందన్నది వారి అభిప్రాయం. లాటరైటు చెలకలో కంది ఎందుకు తప్పనిసరి పంటగా నిలిచిందో దీనితో కొంతవరకు బోధపడుతుంది.

కంది చేసే రెండవ పని గురించి చర్చ తక్కువ. జొన్న వంద రోజుల పైచిలుకు కాలంలో కోతకు వస్తుంది. కొర్ర, పెసర, మినుము అంతకంటె ముందే వస్తాయి. వానాకాలంలో వీటితో పాటు విత్తిన కంది డిసెంబరు, జనవరి వరకు చేనులో పచ్చగా నిలుస్తుంది. అర్బస్క్యులర్ శిలీంధ్రానికి బ్రతికి ఉన్న వేరు తప్ప మరొక ఆహార వనరు లేదు. కుళ్ళిన ఆకును తిని జీవించే శక్తి దానికి లేదు. జొన్న కోసిన తరువాత చేను ఖాళీ అయితే శిలీంధ్రం సిద్ధబీజాల మీద, ఎండిన వేరు ముక్కల మీద ఆధారపడి తరువాతి వర్షాల వరకు గడపాలి. సాళ్ళ మధ్య కంది ఉంటే ఈ ఎదురుచూపు మూడు నెలల వరకు తగ్గుతుంది. జొన్న వేరులో ఉన్న శిలీంధ్ర జాలం కంది వేరుకు సులభంగా చేరుకుంటుంది, ఎందుకంటే ఈ శిలీంధ్రాలలో ఎక్కువ భాగం ఒక్క పంటకే పరిమితమైనవి కావు.

ఖాళీ కాలం ఎంత హానికరమో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నల్లరేగడులలో 1987లో థాంప్సన్ స్పష్టంగా చూపాడు. సుదీర్ఘ కాలం బీడుగా ఉంచిన భూమిలో తేమ, నత్రజని సమృద్ధిగా ఉన్నా తరువాతి పంట ఎదగక గిడసబారిపోయేది. భాస్వరం, జింకు లోపాలు కనిపించేవి. బీడు కాలంలో శిలీంధ్రం క్షీణించుటయే దీనికి మూలమని తేలింది. వానాకాలంలో నల్లరేగడిని ఖాళీగా ఉంచి యాసంగిలో శనగ, జొన్న విత్తే మన ప్రాంతాలలో, యాసంగి పైరు మొదటి నెలలో చూపే ఎదుగుదల లోపాన్ని జింకు లోపంగా మాత్రమే నమోదు చేసి వదలివేయరాదు.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుండి పనిచేస్తోంది. పస్తాపూర్ కేంద్రంగా ఉన్న ఈ సంస్థలోని మహిళా సంఘాలు, అందులోను ప్రధానంగా దళిత మహిళలు, జొన్న, కంది, కొర్ర, సామ, పెసర, మినుము, బొబ్బర, అనుము, పుంటికూర వంటి పంటలను ఒకే చెలకలో కలిపి సాగు చేసే పద్ధతిని నిలుపుకున్నారు. కొన్ని చేలలో పంటల సంఖ్య ఇరవై వరకు ఉంటుంది. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది. ఈ చేలను చిరుధాన్యాల పోషక విలువల కోణంలోను, విత్తన సంరక్షణ కోణంలోను పలువురు పరిశీలించారు. నేల జీవశాస్త్రానికి కూడా ఇవి దొరకని ప్రయోగశాలలు. ఒకే లాటరైటు మీద, గట్టుకు ఇవతల పది పంటల చెలక, అవతల పత్తి ఒక్కటే ఉన్న చేను, దాని పక్కన చెరకు లేదా అల్లం తోట ఉండుట ఇక్కడ మామూలే. నేల, వర్షం ఒకటే, భేదమంతా సాగులోనే. ఇటువంటి సహజ పోలిక ప్రయోగ క్షేత్రంలో సృష్టించుట కష్టం.

అన్ని మొక్కలూ ఈ శిలీంధ్రాలకు ఆతిథ్యం ఇవ్వవు. ఆవాలు, క్యాబేజీ, కాలీఫ్లవర్ ఉన్న కుటుంబం, తోటకూర, పాలకూర ఉన్న కుటుంబం సాధారణంగా వీటికి దూరం. జొన్న చేలలో విస్తారంగా మొలిచి బతుకమ్మకు అలంకారమయ్యే గునుగు కూడా తోటకూర కుటుంబానికి చెందినదే. ఒక యాసంగి క్యాబేజీ వేసినంత మాత్రాన నేల పాడవదు. కాని క్యాబేజీ తరువాత వేసవి బీడు, దాని తరువాత భారీ మోతాదులో డిఎపితో మరొక పంట వరుసగా వచ్చే చేనులో శిలీంధ్ర నిల్వ పడిపోవుట ఊహించదగినదే. అల్లం, బంగాళాదుంప ఈ శిలీంధ్రాలకు ఆతిథ్యమిచ్చే పంటలే. అక్కడ హాని పంట వలన గాక లోతైన దుక్కి, అధిక భాస్వరం, శిలీంధ్రనాశినుల వలన వస్తుంది. వీటిలోను భేదం ఉంది. బెనోమిల్‌ను శాస్త్రవేత్తలు శిలీంధ్రం లేని మడులను తయారు చేసుకొనుటకే వాడేవారు. దాని నుండి ఏర్పడే కార్బెండజిమ్‌తో నేలను తడుపుట ఈ శిలీంధ్రాలకు అనుకూలం కాదు. దుంపకుళ్ళుకు వాడే మెటలాక్సిల్ వేరే వర్గపు జీవులపై పనిచేస్తుంది కనుక వీటిపై దాని ప్రభావం స్వల్పం.

జొన్నమల్లె సమస్యతో కూడా ఈ విషయానికి సంబంధం ఉంది. వేర్లు విడుదల చేసే స్ట్రిగోలాక్టోన్లు జొన్నమల్లె విత్తనాన్ని మొలిపిస్తాయని చాలాకాలంగా తెలుసు. మొక్క తనకు శత్రువైన పరాన్నజీవిని ఎందుకు పిలుస్తుందన్నది మాత్రం తెలియలేదు. 2005లో జపాన్‌కు చెందిన అకియామా బృందం ఇవే పదార్థాలు వేరు శిలీంధ్రపు తంతువులను శాఖలుగా చీలేలా చేసే సంకేతమని కనుగొన్నది. పిలుపు శిలీంధ్రానికి, దానిని విని వచ్చేది జొన్నమల్లె. భాస్వరం కొరతలో ఈ సంకేతం పెరుగుతుంది. శిలీంధ్రం వేరులో స్థిరపడిన తరువాత తగ్గుతుంది. కామెరూన్‌లో జొన్న, మొక్కజొన్న పొలాలలో శిలీంధ్రం చేర్చినప్పుడు జొన్నమల్లె తగ్గినట్లు నమోదైనది. పేద నేలలలోనే ఈ కలుపు ఎందుకు విజృంభిస్తుందని రైతు అడిగినప్పుడు విస్తరణ శాస్త్రవేత్త ఈ సమాధానం ఇవ్వవచ్చు.

నమూనాలు, లెక్కింపు

ఒక చేనులో నమూనా తీయుటకు రెండు సమయాలు అవసరం. వేరులో వ్యాప్తిని చూచుటకు పూత దశ. సిద్ధబీజాల కొరకు కోత తరువాత నేల ఆరుతున్న దశ. సిద్ధబీజం ఎక్కువగా ఏర్పడేది పంట ముగింపులోనే. పూత దశలో మాత్రమే మట్టి తీసి 'వైవిధ్యం తక్కువ' అని వ్రాయుట సరికాదు. పై 15 సెంటీమీటర్ల మట్టిని, సన్నని వేర్లతో సహా, ఒక్కొక్క పంట మొదలు దగ్గర విడివిడిగా తీయాలి. మిశ్రమ చెలకలో అన్నిటినీ కలిపి ఒకే నమూనా చేస్తే అసలు తెలుసుకోవలసినదే పోతుంది. చేను గట్టు నుండి ఒక నమూనా తప్పక ఉండాలి. దున్నని గట్టు మీద శాశ్వతంగా ఉండే గడ్డి, పొదలు ఈ శిలీంధ్రాలకు ఆశ్రయమయ్యే అవకాశం ఉంది.

సిద్ధబీజాలను వేరు చేయుటకు గెర్డ్‌మన్, నికల్సన్ 1963లో సూచించిన తడి జల్లెడ పద్ధతియే నేటికీ ఆధారం. వంద గ్రాముల మట్టిని నీటిలో కలియబెట్టి, బరువైన రేణువులు క్రిందికి దిగుటకు కొన్ని సెకన్లు ఆగి, పై నీటిని 500, 250, 106, 45 మైక్రాన్ల జల్లెడల గుండా వరుసగా వంపాలి. ఎర్ర బంకమన్ను సిద్ధబీజాలను అంటిపెట్టుకొని ఉంటుంది కనుక మట్టిని ముందుగా సోడియం హెక్సామెటాఫాస్ఫేటు ద్రావణంలో నానబెట్టుట మేలు. జల్లెడ మీద మిగిలినదానిని చక్కెర ద్రావణంలో సెంట్రిఫ్యూజ్ చేస్తే సిద్ధబీజాలు పైకి తేలుతాయి.

లాటరైటు నేలలో కొత్తవారిని తికమక పెట్టే విషయం ఒకటి ఉంది. సిద్ధబీజాల పరిమాణంలోనే, అదే గోధుమ ఎరుపు రంగులో, గుండ్రంగా ఉండే ఇనుప గులకలు ఈ మట్టిలో ఎక్కువ. చక్కెర ద్రావణంలో చాలావరకు ఇవి మునిగిపోతాయి గాని బంకమన్నుతో, ఆకు తుంపులతో చిక్కుకొని కొన్ని తేలుతాయి. సూక్ష్మదర్శిని క్రింద సూదితో నొక్కినప్పుడు సిద్ధబీజం పగిలి లోపలి నూనె బొట్లు బయటకు వస్తాయి, గులక జారిపోతుంది. ఈ పరీక్ష చేయకుండా ఇచ్చిన అంకెలను నమ్మరాదు. నూనె లేని, లోపల ఖాళీగా ఉన్న పెంకులను బ్రతికి ఉన్న సిద్ధబీజాల లెక్కలో చేర్చరాదు.

వేర్లకు ఫిలిప్స్, హేమన్ 1970లో వివరించిన రంజన విధానం సరిపోతుంది. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడులో వేడిచేసి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, ట్రిపాన్ బ్లూతో రంగు పట్టించాలి. జొన్న, కొర్ర లేత వేర్లు త్వరగా తేటపడతాయి. కంది వేర్లలో టానిన్లు ఎక్కువగా ఉండుట వలన ఎక్కువసేపు వేడిచేయాలి. అయినను నల్లగా ఉంటే క్షారంతో కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడులో కొద్ది నిమిషాలు ఉంచాలి. ట్రిపాన్ బ్లూ హానికర పదార్థం. ఆ స్థానంలో వెనిగర్‌లో 5 శాతం వ్రాత సిరా కలిపి వాడవచ్చునని 1998లో వియర్‌హైలిగ్ బృందం చూపింది. కృషి విజ్ఞాన కేంద్రాలలోని చిన్న ప్రయోగశాలలకు ఇది అందుబాటులో ఉన్న పద్ధతి. గీతల పలకపై వేర్లను పరచి గీతను వేరు తాకిన వంద చోట్లనైనా పరిశీలించి శాతాన్ని లెక్కించాలి. అర్బస్క్యూళ్ళను, వెసికిళ్ళను, ఉత్త తంతువులను వేర్వేరు గడులలో నమోదు చేయాలి. మెట్ట పంటల వేర్లలో అడ్డుగోడలు గల నల్లని తంతువుల శిలీంధ్రాలు కూడా సాధారణం. అర్బస్క్యులర్ శిలీంధ్రాల తంతువులలో అడ్డుగోడలు చాలా అరుదు. ఈ భేదాన్ని విస్మరిస్తే శాతం కృత్రిమంగా పెరుగుతుంది.

సిద్ధబీజం లేదన్నంత మాత్రాన శిలీంధ్రం లేదని కాదు. వేరులో ఉండి ఆ ఋతువులో సిద్ధబీజం ఇవ్వని జాతులు ఉంటాయి. చేని మట్టిని శుద్ధి చేసిన ఇసుకతో కలిపి, జొన్న లేదా గడ్డిజాతి మొక్కను నాలుగైదు నెలలు పెంచి నీరు ఆపివేస్తే దాగిన జాతులు కొన్ని సిద్ధబీజాలు ఇస్తాయి. వేరు డిఎన్‌ఏ విశ్లేషణ మరికొన్నిటిని బయటపెడుతుంది. పాత వ్యాసాలతో పోల్చునప్పుడు పేర్ల మార్పులను గమనించాలి. 2001లో ఈ శిలీంధ్రాలన్నీ గ్లోమెరోమైకోటా అనే ప్రత్యేక విభాగంగా గుర్తింపు పొందాయి. ఆ తరువాత పాత గ్లోమస్ ప్రజాతి అనేక ప్రజాతులుగా చీలింది. 1990లలోని జాబితాలో 'గ్లోమస్' పది ఉండి నేటి జాబితాలో మూడే ఉంటే ఏడు నశించినవని అర్థం కాదు.

పొట్లం సిఫారసుకు ముందు

మైకోరైజా జీవన ఎరువులు నేడు మండల కేంద్రాలలోని దుకాణాలకు చేరాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వీటిలో జీవించి ఉన్న శిలీంధ్ర భాగాలు, సంక్రమణ సామర్థ్యం నిర్ణీత కనీస స్థాయిలో ఉండాలి. ప్రమాణం మంచిదే. అయితే అది పొట్లంలో ఏముందో చెబుతుంది గాని చేనుకు అది అవసరమా కాదా చెప్పదు. ఈ ఉత్పత్తులలో తరచుగా ఉండేవి రైజోఫేగస్ ఇర్రెగ్యులారిస్ వంటి, వేగంగా పెరిగే, ఎక్కడైనా బ్రతికే జాతులు. దుక్కికి తట్టుకొని చేనులో ముందే మిగిలి ఉన్నవి కూడా ఇదే స్వభావం గలవి. కోల్పోయినది నెమ్మదిగా పెరిగే వర్గమైతే, ఉన్నదానినే తెచ్చి చేర్చుట వలన రైతుకు ఒరిగేది తక్కువ. మిశ్రమ పంటల చెలకలో, వేర్లలో స్థానిక శిలీంధ్రం నిండుగా ఉన్నచోట, చిన్న రైతు చేత ఈ ఖర్చు పెట్టించుట సమర్థనీయం కాదు. నారుమడులు, కుండీలలో పెంచే పండ్ల మొక్కలు, ఆవిరితో శుద్ధి చేసిన మట్టి, ఏళ్ళ తరబడి దెబ్బతిన్న చేలు వేరు. అక్కడ దీనికి నిజమైన చోటు ఉంది.

ఏది ఏ రకపు చేను అని తెలుసుకొనుటకు ఒక సాధారణ కుండీ పరీక్ష చాలు. చేని మట్టిని తీసి సగభాగాన్ని వరుసగా రెండు రోజులు గంటసేపు ఆవిరి పట్టించాలి. ఆవిరి వలన మాంగనీసు వంటివి విడుదలై మొలకకు హాని చేస్తాయి కనుక ఆ మట్టిని రెండు వారాలు ఆరనివ్వాలి. పచ్చి మట్టిని నీటిలో కలిపి వడపోత కాగితం గుండా తీసిన తేటను ఆవిరి పట్టిన కుండీలకు పోస్తే బాక్టీరియా తిరిగి చేరుతుంది, శిలీంధ్రం చేరదు. పచ్చి మట్టి, పచ్చి మట్టితో జీవన ఎరువు, ఆవిరి మట్టి, ఆవిరి మట్టితో జీవన ఎరువు అనే నాలుగు విధాలుగా, విధానికి కనీసం ఐదు కుండీల చొప్పున జొన్న విత్తాలి. భాస్వరం వేయరాదు. 45 రోజులకు మొక్క బరువు, వేరులో శిలీంధ్ర శాతం చూడాలి.

ఆవిరి మట్టిలో జీవన ఎరువు వేసినను వేర్లలో శిలీంధ్రం కనిపించకపోతే ఆ పొట్లంలో జీవం లేదు. మిగిలిన అంకెలతో పని లేదు. పచ్చి మట్టిలోని వేర్లు ముందే నిండుగా ఉండి, ఎరువు చేర్చినను మార్పు లేకపోతే ఆ చేనుకు పొట్లం అవసరం లేదు. పచ్చి మట్టిలో వ్యాప్తి అత్యల్పంగా ఉండి ఎరువుతో మొక్క బరువు పెరిగితే చేను తన నిల్వను కోల్పోయినదని అర్థం. అక్కడ ఒక వానాకాలం ఎరువుతో పాటు జొన్న, కంది సాళ్ళు వేయించి, భాస్వరం మోతాదును నేల పరీక్ష మేరకే పరిమితం చేసి, మరుసటి సంవత్సరం పరీక్షను తిరిగి చేయాలి. నాలుగు విధాలలోను మొక్కలు సమానంగా పెరిగితే నేలలో లభ్య భాస్వరం ముందే ఎక్కువగా ఉండి ఉండవచ్చు. చెరకు, అల్లం తోటలు మార్చిన భూములలో ఇది ఎదురుకావచ్చు. అక్కడ చేయవలసిన సిఫారసు డిఎపిని తగ్గించుట.

ఈ పరీక్షకు మట్టిని వేసవిలోనే తీయాలి. పంట కాలంలోని మట్టి పైరు మీద ఉన్న శిలీంధ్రాన్ని చూపుతుంది. విత్తనం పడేనాటికి ఎంత మిగిలి ఉందో చూపదు. మట్టిని మార్చి చివరలో తీసి, ఏప్రిల్ రెండవ పక్షంలో నీడపందిరి క్రింద కుండీలలో విత్తితే తొలకరి నాటికి ఫలితం చేతికి వస్తుంది.